బాత్రూం లీకేజీ మనమే పట్టుడు – మూడో పాఠం: సుత్తె కంటే ముందు పెన్సిల్

పోయిన పాఠంల గేట్ వాల్వులు (పైపుల నీళ్లు బంద్ చేసే తిప్పుడు చక్రాలు) ఏడేడున్నయో వెతికి, ఏది తిప్పితే ఏది బందైతదో రాసి పెట్టుకోమన్న కదా, రాసుకున్నోళ్లకు ఇయ్యాల పని అల్కగ అయితది. రాసుకోనోళ్లు ముందు ఆ పని చేసి రాండ్రి.

మా అక్కోళ్లది మిర్యాలగూడ. బాత్రూంకు ఆనుకొని బెడ్రూం, అండ్ల బీరువా వెనక జానెడు ఎత్తుల పెయింట్ ఉబ్బి పెచ్చులు రాలుతున్నయ్, లోపల చీరలకు ముక్కిన వాసన. "నిమ్ము తమ్మీ, ఎండాకాలం పోతది" అన్నది అక్క, ఎండాకాలం వచ్చింది పోయింది, మరక మాత్రం మోకాలి దాకా ఎక్కింది. మేస్త్రిని పిలిస్తే ఆయన సుత్తె కట్టెతోని టైల్స్ మీద టక్ టక్ కొట్టుకుంట పోయి, డొల్లగ మోగిన కాడల్లా పలగ్గొట్టిండు. ఆరు టైల్స్ పోయినయ్, లోపల పైపు చూస్తే పొడిగ ఉన్నది! డొల్లగ మోగిందంటే టైల్ ఎనక సిమెంట్ సరిగ నిండలేదని, అంతే, నీళ్లున్నయని కాదు. అసలు లీకు నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) చుట్టూ ఉండె. ఆ డిజైన్ మల్ల దొరకక ఆ గోడ ఇప్పటికీ రెండు రంగులల్లనే ఉంటది.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే, లీకు ప్రెషర్ లైన్లదా, డ్రైన్ లైన్లదా అని. ట్యాంకు నుంచి నల్లా, గీజర్ దాకా వచ్చేది ప్రెషర్ లైను, అండ్ల నీళ్లు రాత్రీ పగలూ నిండే ఉంటయి కాబట్టి మీరు స్నానం చేసినా చెయ్యకున్నా కారుతనే ఉంటది. డ్రైన్ లైను, అంటే వాడిన నీళ్లు బయటికి పోయేది, అట్ల కాదు, మీరు నీళ్లు పోస్తెనే కారుతది.

మరక అంచు చుట్టూ పెన్సిల్‌తోని గీత గీసి పక్కన తారీకు రాయుండ్రి. దసరాకో బతుకమ్మకో ఊరికి పోతరు కదా, ఎప్పుడూ వాల్వులు బంద్ చేసి పోతం, ఈసారి బంద్ చెయ్యకుండ్రి. మోటర్ ఆపి, మిషన్ భగీరథ నల్లా నీళ్లు ట్యాంకుల పడకుండ చూసి, ఫ్లష్ ట్యాంకు కాడి యాంగిల్ కాక్ (గోడకుండే చిన్న నల్లా) మాత్రం తిప్పి బంద్ చేసి (లేకుంటే ఫ్లష్ కారినా లెక్కల తప్పు పోతది), ట్యాంకు లోపల నీళ్ల మట్టానికి మార్కర్‌తో గుర్తు పెట్టి మూత పెట్టుండ్రి. తిరిగొచ్చినంక మరక గీత దాటి మట్టం కూడ దిగితే ప్రెషర్ లైనే. మట్టం కదలకుండ మరక అంచులు ఆరుతున్నయంటే డ్రైన్ వైపు చూడాలె.

ఒక్క రాత్రి చూస్తే సరిపోదా అంటరు, పెద్ద లీకైతే సరిపోతది. సెకనుకు ఒక చుక్క కారితే రోజుకు సుమారు 4 లీటర్లు, మూడున్నర అడుగుల వెడల్పున్న గుండ్రటి ట్యాంకుల ఒక సెంటీమీటర్ అంటే దాదాపు 9 లీటర్లు, అంటే చిన్న లీకుకు ఆ సెంటీమీటర్ దిగనీకె రెండు రోజులు పడతది. రాత్రికి రాత్రి కంటికే కానరాదు.

డ్రైన్ అని అనుమానమొస్తే నేల మీద నీళ్లు పడకుండ పైపు తోని ట్రాప్‌లకే ఒక అరగంట నీళ్లు వదలుండ్రి. మరక తడిస్తే ట్రాప్ లేదా దాని కింది పైపు. తడవకపోతే ఇంకోరోజు ట్రాప్‌ను గుడ్డతోని గట్టిగ మూసి నేల మీద అంగుళం నీళ్లు ఒక రోజంతా నిలపుండ్రి, ఇప్పుడు తడిస్తే టైల్ జాయింట్లు.

జాయింట్లు ఎందుకు పోతయి? మన నల్గొండల బోరు నీళ్లు ఎట్లుంటయో ఎరుకే కదా, టైల్స్ మీద తెల్లగ పేరుకుంటది, దాన్ని పోగొట్టనీకె నెలకోసారి యాసిడ్ పోసి రుద్దుతం. ఆ యాసిడ్ మరకతోని పాటు జాయింట్ల తెల్ల సిమెంట్‌ను కూడ తింటది. తోముడు నేనే నేర్పిన అని మా అక్క ఇప్పటికీ నన్నే అంటది.

ఇగ బూజు సంగతి. ఈడ బూజంటే సాలెగూడు అనుకుంటరు, నేను చెప్పేది గోడ మూలకు నల్లగ పట్టే ఫంగస్. అది ఒక్కోసారి తెల్లగ కూడ ఉంటది, అందుకే తెల్ల పొడి కనిపిస్తే దాని మీద నీళ్లు చల్లుండ్రి, కరిగిపోతే గోడల నుంచి ఊరిన ఉప్పు, అట్లనే ఉంటే ఫంగస్. టైల్ మీద ఉన్నదాన్ని బ్లీచింగ్ కలిపిన నీళ్లతోని తోమొచ్చు, మాస్కు పెట్టుకొని, కిటికీ తీసి. ప్లాస్టర్ లోపలికి దిగినదానికి బ్లీచింగ్ పని చెయ్యదు, గోకి తీసి ఆరినంకనే మల్ల పూయాలె. ఇంకోటి, యాసిడ్ పోసిన రోజు బ్లీచింగ్ ముట్టద్దు. రెండు కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తది, చిన్న బాత్రూంల తలుపేసుకొని ఉంటే ఊపిరాడదు.

వచ్చే పాఠంకు మీ గీత తారీకు, మట్టం ఎన్ని సెంటీమీటర్లు దిగిందో రాసి పెట్టుకోండ్రి, ట్రాప్ చుట్టూ ఎట్ల తవ్వాలో అప్పుడు చూద్దాం.