నెల్లూరు వాతావరణంలో డిస్కోకాక్టస్ హోర్స్టియై పెంచే పద్ధతి

బ్రెజిల్‌లో మినాస్ జెరైస్ రాష్ట్రంలోని గ్రావ్ మొగోల్ ప్రాంతపు పలుగురాళ్ల గుట్టలు డిస్కోకాక్టస్ హోర్స్టియై అనే ఈ బుల్లి కాక్టస్ మొక్కకు పుట్టిల్లు. బాగా ముదిరిన మొక్క కూడా అడ్డంగా ఐదారు సెంటీమీటర్లకు మించదు. సేకరించేవాళ్లు తవ్వుకుపోవడం దీనికి పెద్ద ముప్పు. అందుకే డిస్కోకాక్టస్‌లన్నిటినీ సైటిస్ (అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) మొదటి అనుబంధంలో చేర్చారు. నర్సరీలో పెంచినదైనా, గింజలైనా పర్మిట్ లేకుండా దేశం దాటకూడదు. ఇక్కడే గింజ నుంచి పెంచిన మొక్కే కొనండి. ఎక్కడిదో అమ్మేవాడు చెప్పలేకపోతే, ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి.

వేడి దీనికి సరిపడుతుంది. 15 డిగ్రీల లోపు చలి పడదు గానీ, నెల్లూరు, ఒంగోలు తీరాన ఆ బెడద తక్కువ. ఇక్కడ దీన్ని చంపేవి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలు, బోరు నీళ్లు.

ముందు మట్టి సంగతి. గూడూరు, సైదాపురం అభ్రకం గనుల వైపు పలుగురాయికి కొదవ లేదు. 2 నుంచి 5 మిల్లీమీటర్ల ముక్కలు జల్లించి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. నాలుగు పాళ్ల పలుగుకు ఒక పాలు బాగా మాగిన ఆకు ఎరువు చాలు. చీమకుర్తి గ్రానైట్ పొడి మాత్రం కలపొద్దు, తడిసి గట్టిపడి వేళ్లకు గాలి ఆడనివ్వదు. రాయి మీద అనుమానం ఉంటే నిమ్మరసం నాలుగు చుక్కలు వేయండి. బుడగలు పొంగితే అందులో సున్నం ఉన్నట్టే. ఈ మొక్కకు కాస్త ఆమ్ల గుణమున్న మట్టి కావాలి. ఉప్పు, సున్నం ఉన్న బోరు నీళ్లు పోస్తూ పోతే మట్టి గుణం మారిపోయి మొక్క పసుపుబారుతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. వాన నీళ్లు పట్టి ఉంచుకోండి, లేదంటే ఆర్వో నీళ్లు.

గింజలు ఫిబ్రవరిలో వేయండి. ఇదే మట్టిని సన్నగా జల్లించి, మరిగే నీళ్లు పోసి, చల్లారాక గింజలు పైన చల్లండి. కప్పొద్దు, మొలవడానికి వెలుతురు కావాలి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, 25–30 డిగ్రీల్లో, నేరుగా ఎండ పడని వెలుతురులో ఉంచండి. మొలకలు నిలదొక్కుకున్నాక మూత కొద్దికొద్దిగా తెరవాలి. ఒక్కసారిగా తీస్తే వాడిపోతాయి, అసలు తీయకపోతే బూజు పట్టి కుళ్లుతాయి.

సొంత వేళ్ల మీద ఎదుగుదల చాలా నెమ్మది. డ్రాగన్ ఫ్రూట్ కాడ మీద అంటు కడితే త్వరగా పెరుగుతుంది. కోసిన మొక్క అడుగునా, కోసిన కాడ పైనా కనిపించే చిన్న వలయాలు (నీళ్లు మోసే నాళాలు) కనీసం ఒక చోటైనా కలవాలి, లేకపోతే అతకదు. రబ్బరు బ్యాండుతో బిగించి, వారం పది రోజులు నీళ్లు తగలకుండా నీడలో ఉంచండి.

ఎండాకాలంలో మట్టి పూర్తిగా ఆరాకే సాయంత్రం పూట నీళ్లు పోయాలి. రోహిణీ కార్తెలో 50 శాతం షేడ్ నెట్ తప్పదు. అక్టోబరు రాగానే కుండీలు పైకప్పు కిందికి, గాలి ఆడే చోటికి మార్చండి. తుపాను ముసురు ఉన్నన్నాళ్లూ చుక్క నీళ్లు వద్దు.

మొక్క ముదిరితే నడినెత్తిన తెల్లటి దూది టోపీ వస్తుంది. తెల్లటి, సువాసన గల పూలు అందులోంచే రాత్రిపూట విచ్చుకుని, తెల్లారేసరికి వాడిపోతాయి. ఆ దూదిలో తడి నిలిస్తే కుళ్లు నేరుగా లోపలికి దిగుతుంది కాబట్టి, ఎప్పుడూ కుండీ అంచునే నీళ్లు పోయండి. ఏడాదికోసారి కుండీలోంచి తీసి వేళ్లు చూడండి. తెల్లటి పొడిలా పిండినల్లి కనిపిస్తే కడిగేసి, రెండు రోజులు నీడన ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటండి.