చైన్ జారుతోంది, పెడల్ టక్కుమంటోంది: ఏ పార్ట్ మార్చాలి, ఎవరికివ్వాలి?

పాత సైకిల్‌తో చిక్కేంటంటే, శబ్దం ఒకచోట వినిపిస్తుంది, అరిగింది ఇంకోటి ఉంటుంది. షాపుకి వెళ్లేముందే ఇవి చూసుకోండి.

గట్టిగా తొక్కితే చైన్ జారుతోంది

గేర్లు లేని సైకిలైతే చైన్‌ని మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించండి. అరంగుళం ఆడితే సరే. ఇంకా వేలాడుతుంటే వెనక చక్రం నట్లు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, తిన్నగా నిలిపి బిగించాలి.

అప్పటికీ జారితే స్కేలు తీయండి. చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ దూరం అరంగుళం. కాబట్టి సున్నా ఒక పిన్ను మధ్యలో పెడితే, 12 అంగుళాల గీత ఇంకో పిన్ను మధ్యలోనే పడాలి. ఆ పిన్ను గీత దాటి 1/16 అంగుళం జరిగితే చైన్ మార్చాలి. 1/8 అంగుళం జరిగిందంటే ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రం) పళ్లు కూడా అరిగిపోయినట్టే. అప్పుడు చైన్ ఒక్కటే మారిస్తే జారడం ఇంకా ఎక్కువవుతుంది. కొత్త చైన్ డూప్లికేట్ అని షాపులో గొడవపడేవాళ్లలో చాలామంది సంగతి ఇదే.

పెడల్ ఖాళీగా తిరిగి చక్రం కదలకపోతే మాత్రం తప్పు చైన్‌ది కాదు. ఫ్రీవీల్ లోపల లాక్‌లు జిడ్డుకి అతుక్కుపోయి ఉంటాయి. కిరోసిన్‌తో (ఇప్పుడెక్కడ దొరుకుతుంది, డీజిల్ అయినా సరే) కడిగి పల్చటి ఆయిల్ వేయండి. మళ్లీ అదే పరిస్థితి వస్తే ఫ్రీవీల్ మార్చేయడమే.

తొక్కినప్పుడల్లా టక్ టక్

రెండు క్రాంకుల్నీ (పెడల్ బిగించి ఉండే కాడల్ని) పట్టుకుని పక్కకి ఊపండి. రెండూ కలిసి ఊగితే బీబీ (క్రాంకుల మధ్య ఇరుసు తిరిగే చోటు) కప్పులు వదులైనట్టు, లేదా లోపల బాల్స్ అరిగినట్టు. ఒక్కటే ఊగితే ఆ వైపు కాటర్ పిన్ (క్రాంక్‌ని ఇరుసుకి పట్టి ఉంచే పిన్ను) అరిగింది. కొత్త పిన్ను సుత్తితో కొట్టి దిగేశాకే నట్టు బిగించాలి. నట్టుతోనే లాగితే మర పోతుంది. కొంతదూరం తొక్కాక మళ్లీ ఒకసారి బిగించాలి.

తెల్లారేసరికి గాలి దిగిపోతోంది

పంక్చర్ అనుకోకముందు వాల్వ్ మీద కాస్త నీళ్లు వేయండి. బుడగ వస్తే వాల్వ్ ట్యూబ్ (వాల్వ్‌కి తొడిగే చిన్న రబ్బరు గొట్టం) మారిస్తే చాలు, కొద్ది రూపాయల పని.

కొత్త టైరు రిమ్‌కి పట్టడం లేదు

రెండూ 26 అనే ఉన్నా సైజు ఒకటి కానక్కర్లేదు. రిమ్ మీద టైరు కూర్చునే చోట వ్యాసం, లావు టైర్ల ఎమ్‌టీబీలకి (మౌంటెన్ బైక్‌లకి) సాధారణంగా 559 మి.మీ., 26 x 1 3/8 టైరుకి 590 మి.మీ. పాత టైరు పక్కన 37-590 లాంటి అంకె ఉంటే ఫోటో తీసుకెళ్లండి.

మెకానిక్‌ని ఎలా ఎంచుకోవాలి

పేపర్ వేసే కుర్రాళ్లు, సైకిల్ మీద పాలు పోసేవాళ్లు ఎవరి దగ్గరికి వెళ్తారో కనుక్కోండి. బండి ఒక్కరోజు ఆగినా వాళ్లకి నష్టమే, ఊరికే ఎవరి దగ్గరికీ వెళ్లరు. మంచి మెకానిక్ విప్పకముందే చక్రం లేపి తిప్పి చూస్తాడు, పెడల్ తొక్కి వింటాడు, రేటు ముందే చెప్తాడు. చూడకుండానే "మొత్తం సెట్ మార్చాలన్నా" అంటే ఇంకో షాపు చూసుకోండి.

తీసేసిన పార్ట్‌లు మీ చేతికివ్వమని ముందే చెప్పండి. ఎడమ పెడల్‌కి మర రివర్స్‌లో ఉంటుంది. కొత్త కుర్రాడు దాన్ని మామూలు వైపే బిగించబోతే వెంటనే ఆపండి, క్రాంక్ మర చెడితే ఆ ఖర్చు మీదే. డబ్బులిచ్చే ముందు సందు చివరిదాకా తొక్కి, ఎత్తులో లేచి నిలబడి తొక్కినప్పుడు చైన్ జారుతుందేమో చూసుకోండి.