1952 టాప్స్ మాంటిల్ కార్డు: అసలా, రీప్రింటా?

ముందు స్కేలు తీయండి. అమెరికా కార్డుల కంపెనీ టాప్స్ 1952లో వేసిన, బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ బొమ్మ ఉన్న 311వ నంబరు అసలు కార్డు వెడల్పు 2⅝ అంగుళాలు, ఎత్తు 3¾. 1983లో టాప్స్ వేసిన రీప్రింటు 2½ × 3½ మాత్రమే, కాబట్టి అది కొలతలోనే దొరికిపోతుంది.

కొలత సరిపోయినా నమ్మేయకండి. 10 రెట్ల భూతద్దంతో పేరు అక్షరాలు, సంతకం చూడండి. అసలుదాంట్లో నల్ల సిరా ఒకే ముద్దగా, అంచు స్పష్టంగా ఉంటుంది. అక్షరాల్లోనే రంగు చుక్కలు కనిపిస్తే అది స్కాన్ చేసి అచ్చేసిన నకలు. నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి పరీక్ష ఇదే. టీ నీళ్లతో పాతబరిచిన కార్డులో మరక అంతటా ఒకేలా ఉంటుంది; నిజంగా పాతదైతే మూలలు, అంచులు ఎక్కువగా అరుగుతాయి.

కార్డు వెనుక నంబరు చుట్టూ ఉన్న బేస్‌బాల్ బంతి బొమ్మలోని కుట్లు వేరే దిక్కుకు తిరిగి ఉన్నాయని కంగారుపడొద్దు. ఈ కార్డును ఒకే షీటుపై రెండుసార్లు అచ్చేశారు; రెండు రకాలూ అసలువే.