జూన్ నుంచి సెప్టెంబరు మధ్య జపాన్ వెళ్తున్నారా? ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

అమ్మానాన్నలను మొదటిసారి జపాన్ తీసుకెళ్లింది జూలై చివరి వారంలో. "విజయవాడ ఎండలే చూశాం, అక్కడి ఎండ ఎంతలే" అని నాన్న ధీమాగా బయలుదేరారు. మూడో రోజు క్యోటోలో, ఫుషిమి ఇనారి కొండ మీద వరసగా నిలబెట్టిన ఎర్రటి ద్వారాల కింద మెట్లెక్కుతుంటే అమ్మ ఉన్నచోటే కూర్చుండిపోయింది. కళ్లు తిరిగాయంది. చేతులు చల్లబడి, ఒళ్లంతా చెమట. టాయిలెట్ ఎక్కడ దొరుకుతుందో అన్న బెంగతో పొద్దుటి నుంచి నీళ్లు తాగలేదని అప్పుడు చెప్పింది. దారిన పోతున్న ఒక జపాన్ పెద్దావిడ ఆగి, తన తడి తువాలు అమ్మ మెడ మీద వేసి, "దైజోబు దెస్ కా?" అని అడిగింది. బాగానే ఉన్నారా అని. అమ్మ అలవాటుగా నవ్వి తలూపింది. ఏమాత్రం బాగోలేదు.

నీడలో గంటసేపు పడుకున్నాక తేరుకుంది. ఆ గంటలో నేను పడ్డ టెన్షన్ ఇంకెవరికీ రాకూడదని ఇది రాస్తున్నాను. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు, తల్లిదండ్రులను పిలిపించుకునే పిల్లలు ముఖ్యంగా చదవండి.

ముందు తేదీల సంగతి. టోక్యో, క్యోటో, ఒసాకా వైపు జూన్ మొదట్లో వానలు పట్టుకుని జూలై మధ్య దాకా ఉంటాయి. దీన్ని త్సుయు అంటారు. రాసేటప్పుడు "ఉమె వాన" అన్న అర్థం వచ్చే అక్షరాలతో రాస్తారు, ఉమె అనే పుల్లటి కాయలు పండే కాలం కాబట్టి. ఒకినావాలో ఈ వానలు మే నెలలోనే మొదలవుతాయి. ఉత్తరాన హొక్కైదోలో దాదాపు ఉండవు. వానలు తగ్గగానే మండే ఎండలు, ఆగస్టు, సెప్టెంబరుల్లో తుఫానులు. ఆగస్టు మధ్యలో ఒబోన్ వస్తుంది. పితృదేవతలను తలుచుకోవడానికి జనమంతా సొంతూళ్లకు పోయే రోజులు కాబట్టి రైళ్లు, హోటళ్లు మన సంక్రాంతికి ఉన్నట్టే ఉంటాయి. ఆ రోజుల్లో నొజొమి షింకాన్‌సెన్ (బుల్లెట్) రైళ్లలో అన్నీ రిజర్వేషన్ సీట్లే. మీకు వీలుంటే నవంబరుకు మార్చుకోండి. పెద్దవాళ్లతో వెళ్లేవారికైతే నా గట్టి సలహా అదే. కుదరకపోతే మిగతాది చదవండి.

ఎండ గురించి మనవాళ్లు ఒకచోట పొరబడతారు. 2025 ఆగస్టు 5న గున్మా ప్రాంతంలోని ఇసెసాకిలో 41.8 డిగ్రీలు నమోదైంది. అప్పటిదాకా జపాన్‌లో కొలిచిన ఉష్ణోగ్రతల్లో అదే ఎక్కువ. రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్లకు ఈ అంకె పెద్దదిగా అనిపించదు. కానీ మే నెలలో మనం పన్నెండింటికి రోడ్డు మీద ఉంటామా? తలుపులు మూసుకుని ఇంట్లో ఉంటాం. జపాన్‌లో అదే పన్నెండింటికి గుళ్ల చుట్టూ, కోటల చుట్టూ తిరుగుతుంటాం. స్టేషన్లలోనే కిలోమీటర్లు నడవాలి. రోజుకు పదిహేను, ఇరవై వేల అడుగులు అవుతాయి. పైగా విశాఖలోలా గాలంతా తేమ, చెమట ఆరదు. మనిషిని పడగొట్టేది ఎండ ఒక్కటే కాదు, ఆ ఉక్కలో నడక.

అందుకే రోజును రెండు ముక్కలు చేయండి. పొద్దున ఏడు నుంచి పదిన్నర దాకా ఒకటి, సాయంత్రం అయిదు తర్వాత ఇంకొకటి. ఫుషిమి ఇనారి రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, ఆరింటికి వెళితే చల్లగానూ ఉంటుంది, జనమూ ఉండరు. మధ్యాహ్నం మ్యూజియంలోనో, డిపార్ట్‌మెంట్ స్టోర్‌లోనో, హోటల్ గదిలోనో గడపండి. గొడుగు వేసుకోవడానికి మగవాళ్లు మొహమాటపడొద్దు, అక్కడ మగవాళ్లూ వేసుకుంటున్నారు.

వడదెబ్బను నెచ్చూషో అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, వేసవిలో టీవీలో, స్టేషన్లలో రోజూ వినిపిస్తుంది. వేడి, తేమ, ఎండ మూడూ కలిపి లెక్కగట్టే సూచీ 33 దాటుతుందనుకుంటే ప్రభుత్వం నెచ్చూషో హెచ్చరిక ఇస్తుంది. హెచ్చరిక ఉన్న రోజు పెద్దవాళ్లతో కొండలు, మెట్లు ఉన్న చోట్లు మానేయండి. టికెట్ డబ్బులు పోతే పోనీండి.

నీళ్ల విషయంలో అమ్మ చేసిన పొరపాటు మీ ఇంట్లో జరగనివ్వకండి. జపాన్‌లో టాయిలెట్‌కు కొదవ లేదు. దాదాపు ప్రతి స్టేషన్లో, చాలా కొన్‌బినిల్లో, పార్కుల్లో శుభ్రంగా ఉంటాయి, డబ్బులు అడగరు. కొన్‌బిని అంటే లాసన్, ఫ్యామిలీమార్ట్, సెవెన్ ఇలెవన్ లాంటి రాత్రీ పగలూ తెరిచి ఉండే చిన్న దుకాణం. తాగడానికి ముగిచా అని బార్లీ గింజలు వేయించి కాచిన టీ దొరుకుతుంది. అందులో చక్కెర ఉండదు, కెఫీన్ ఉండదు, షుగర్ ఉన్నవాళ్లకూ పనికొస్తుంది. పొకారి స్వెట్‌లో ఉప్పుతో పాటు చక్కెర కూడా ఉంటుంది, చూసుకోండి. బాగా నీరసించినవాళ్లకు మందుల షాపులో ఓఎస్-1 అడగండి, అది మన ఓఆర్ఎస్ లాంటిది. మా ఇంట్లో అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం మజ్జిగే. చక్కెర లేని పెరుగు కొన్‌బినిలో దొరుకుతుంది. పొద్దున్నే నీళ్లు, ఉప్పు కలిపి సీసాలో పోసుకుని బయలుదేరేవాళ్లం.

మాట తడబడినా, పిలిస్తే సరిగ్గా పలకకపోయినా, నీళ్లు మింగలేకపోయినా ఆలోచించొద్దు, 119కి ఫోన్ చేయండి. "క్యూక్యూషా ఒనెగై షిమస్" అంటే అంబులెన్స్ కావాలి అని. అంబులెన్స్‌కు డబ్బు తీసుకోరు, ఆసుపత్రి ఖర్చు మాత్రం మనదే. అందుకని ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా వెళ్లకండి, అందులో పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివి కొనండి.

సూట్‌కేసు సర్దేటప్పుడే జాగ్రత్తపడాల్సినవి రెండు. మొదటిది మందులు. డాక్టరు రాసిన మందులు ఒక నెలకు సరిపడా తీసుకెళ్లొచ్చు. అంతకు మించితే జపాన్ ఆరోగ్య శాఖ నుంచి ముందే అనుమతి పత్రం తెచ్చుకోవాలి. మనం జలుబుకు మామూలుగా వేసుకునే కొన్ని మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది. అది పది శాతం దాటితే అక్కడ నిషిద్ధం. కోడీన్ ఉన్న దగ్గు మందులకూ పరిమితులున్నాయి. ప్రతి స్ట్రిప్ మీద మందు పేరు చదవండి, ప్రిస్క్రిప్షన్ ఇంగ్లిష్‌లో రాయించుకోండి. రెండోది పచ్చళ్లు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, మాంసంతో చేసినవి ఏవీ పెట్టొద్దు. మాంసంతో చేసిన పదార్థాలను తనిఖీ ధ్రువపత్రం లేకుండా జపాన్ రానివ్వదు, ఇంట్లో తినడానికే అన్నా వినరు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా పెట్టొద్దు. కొడుక్కి ఇష్టమని తీసుకెళ్లి విమానాశ్రయంలో పారేయాల్సి వస్తే ఆ తల్లి మనసు ఎలా ఉంటుందో నేను చూశాను.

ఇక తిండి. శాకాహారులకు జపాన్‌లో కనిపించే మాంసంతో కన్నా కనిపించని చేపతోనే చిక్కు. దాషి అనే రసం వాళ్ల వంటకు పునాది. మనకు చింతపండు పులుసు ఎలాగో వాళ్లకు అది అలాగ. ఎక్కువగా కత్సువోబుషితో, అంటే ఎండబెట్టి పొగబెట్టిన చేపను సన్నగా చెక్కిన పొరలతో కాస్తారు. మిసో సూప్‌లో, ఉదోన్, సోబా నూడుల్స్ రసంలో, కూరగాయల తెంపురాతో ఇచ్చే సాస్‌లో, తియ్యగా ఉండే ఇనారి సుషీ టోఫు (సోయా పనీర్) చెక్కల్లో కూడా సాధారణంగా అది ఉంటుంది. ఒక చిన్న హోటల్లో నేను "వెజిటేరియన్" అని మూడుసార్లు చెప్పాను. వాళ్లు మాంసం ముక్కలన్నీ ఏరేసి, చేప రసంలో ఉడికించిన కూరగాయలు ఎంతో మర్యాదగా తెచ్చి పెట్టారు. వాళ్లు మోసం చేయలేదు. వాళ్ల లెక్కలో దాషి చేప కాదు, రుచి.

అందుకని ఆ మాట వదిలేసి, ఏం తినరో పేరు పేరునా చెప్పండి. "నికు మొ సకానా మొ తబెమసెన్." మాంసమూ చేపలూ తినను అని. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. మనం "మాంసమూ, చేపలూ" అని ఎలా దీర్ఘం తీస్తామో వాళ్లు అలాగే "మొ" చేరుస్తారు, క్రియ కూడా మనకులాగే చివర్లో వస్తుంది. ఆ తర్వాత "కత్సువో దాషి మొ దామె దెస్" అనండి, చేప దాషి కూడా కుదరదని. ఇదంతా జపాన్ లిపిలో ఒక కార్డు మీద రాయించుకుని, ఆర్డరు ఇవ్వకముందే చూపించండి. గుడ్డు, వెల్లుల్లి తినకపోతే అదీ రాయించండి. కుదరదంటే నొచ్చుకోకుండా లేచి రండి. తెలియక పెట్టడం కన్నా పెట్టలేమని చెప్పడమే వాళ్లు చేసే మేలు.

నిశ్చింతగా తినాలంటే షోజిన్ ర్యోరి ఉంది. బౌద్ధ మఠాల వంట అది, మాంసం, చేప ఉండవు, సంప్రదాయంగా ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. దాషిని కొంబు అనే సముద్రపు నాచుతో, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. వకయామాలోని కోయాసాన్ కొండ మీద మఠాల్లోనే బస చేసి అది తినొచ్చు. పైగా కొండ మీద చల్లగా ఉంటుంది. నువ్వులతో చేసే గొమాదోఫును అమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది. రోజువారీకి కొన్‌బినిలో వండిన తెల్లన్నం ప్యాకెట్ తీసుకుంటే వాళ్లే వేడి చేసిస్తారు. ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి, పెరుగు చాలు. ఉమెబోషి (ఉప్పులో ఊరబెట్టిన ఉమె కాయ) పెట్టిన ఒనిగిరి అనే అన్నం ముద్ద పుల్లగా, ఉప్పగా మన నోటికి నప్పుతుంది కానీ కొన్నిటిలో చేప పొరలు కలుపుతారు, ఫోన్ కెమెరాతో చీటీ అనువదించి చూసుకోండి. ఒకటి గుర్తుంచుకోండి: అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చొద్దు, చనిపోయినవారికి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు.

భాషకు భయపడకండి. తెలుగులాగే జపనీస్‌లోనూ మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, "న్" ఒక్కటే మినహాయింపు. హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు మన చెవికి ఇట్టే పట్టుబడతాయి. అయితే అక్కడ దీర్ఘం తప్పితే మనిషే మారిపోతారు: ఒబాసాన్ అంటే అత్తో పిన్నో, ఒబాఆసాన్ అంటే బామ్మ. బ్యోఇన్ ఆసుపత్రి, బియోఇన్ బ్యూటీపార్లర్. ఆపదలో రెండోచోటికి తీసుకెళ్లమని అడగకూడదు కదా, ఇంటి దగ్గరే నాలుగుసార్లు పలికి చూసుకోండి. ఇక "దైజోబు". సంచీ కావాలా అని అడిగినప్పుడు ఆ మాటంటే అక్కర్లేదని అర్థం, ఎలా ఉన్నారని అడిగినప్పుడు అంటే బాగున్నానని. ఒంట్లో బాగోలేనప్పుడు ఆ మాటకు తలూపొద్దని పెద్దవాళ్లకు గట్టిగా చెప్పండి. "తాసుకెతె" అంటే కాపాడండి అని, అది నేర్పండి. జపాన్ పర్యాటక సంస్థ సహాయ నంబరు 050-3816-2787 రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఇంగ్లిష్‌లో మాట్లాడతారు.

భూకంపం ఏ కాలంలోనైనా రావచ్చు. ఫోన్లో హెచ్చరిక మోగితే బయటికి పరుగెత్తకుండా బల్ల కిందికి దూరి తల కాపాడుకోండి. వార్తల్లో చెప్పే షిందో అంకె రిక్టరు కొలత కాదు, మీరున్న చోట ఎంత ఊగిందో 0 నుంచి 7 దాకా చెబుతుంది. సముద్రం ఒడ్డున ఉంటే ఊపు ఆగగానే, ఎవరి కోసమూ చూడకుండా ఎత్తుకు ఎక్కండి. దిగి చూడొద్దు.

తుఫానును తైఫూ అంటారు, మన మాటకు దగ్గరగా ఉంటుంది. తీరాంధ్ర వాళ్లకు గాలివాన కొత్త కాదు. కొత్త ఏమిటంటే రైళ్లు ముందే ఆపేస్తారు. గాలి ఇంకా మొదలు కాకుండానే, ఒకటి రెండు రోజుల ముందు, రేపు ఇన్ని గంటల నుంచి బళ్లు నడవవని ప్రకటిస్తారు. కేకాకు ఉన్‌క్యూ అంటే అదే. ఆకాశం నిర్మలంగా ఉంది కదా అని నమ్మకుండా ఉండొద్దు, ఆ గంటకు నిజంగానే ఆగిపోతాయి. 2019 అక్టోబరు 12న హగిబిస్ తుఫాను వచ్చినప్పుడు టోక్యో చుట్టూ అలాగే ఆపేశారు. చూడండి, అది అక్టోబరు. ప్రకటన వినగానే ఆ రోజు ప్రయాణాలన్నీ మానుకుని, రెండు పూటల తిండి, నీళ్లు కొనిపెట్టుకోండి, సాయంత్రానికి కొన్‌బిని అరలు ఖాళీ అయిపోతాయి. ఫోన్లు, పవర్ బ్యాంకులు చార్జ్ చేసి ఉంచండి. గాలిలో గొడుగు పట్టొద్దు. ఆకస్మిక కుండపోతలు నగరాల్లోనూ వస్తాయి, అప్పుడు భూగర్భ మాల్‌లలోకి, వంతెనల కింది దారుల్లోకి దిగకండి. హెచ్చరికల్లో అయిదు స్థాయిలున్నాయి. నాలుగో స్థాయి అంటే ప్రమాదం ఉన్నచోటి వాళ్లంతా కదలాలి. పెద్దవాళ్లు ఉంటే మూడో స్థాయికే కదలండి. అయిదు దాకా ఆగితే దారులు ఉండవు. సేఫ్టీ టిప్స్ అనే యాప్ ఇవన్నీ ఇంగ్లిష్‌లో చెబుతుంది, బయలుదేరే ముందే ఫోన్లో వేసుకోండి.

సూట్‌కేసులను ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కు పంపించే సేవ అక్కడ చక్కగా ఉంది, పెద్దవాళ్లకు ఎంతో సుఖం. కానీ తుఫానుకు అదీ ఆలస్యమవుతుంది. బీపీ, షుగరు మాత్రలు మూడు రోజులకు సరిపడా చేతిసంచిలోనే ఉంచండి. పాస్‌పోర్ట్ ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, అది అక్కడి చట్టం.

తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఖాళీ ఉంచండి, ఆ రాత్రి విమానాశ్రయం ఉన్న ఊళ్లోనే పడుకోండి. 2018 సెప్టెంబరు 4న జెబి తుఫానుకు ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయం రన్‌వే మునిగింది, కొట్టుకొచ్చిన ఓడ ఒకటి వంతెనను గుద్దింది, వేలమంది ఆ దీవిలోనే రాత్రి గడిపారు. విమానం రద్దయ్యే సూచన ఉంటే ఇంటి నుంచే ఎయిర్‌లైన్ యాప్‌లో తేదీ మార్చుకోండి, విమానాశ్రయానికి వెళ్లి వరసలో నిలబడకండి. వీసాలో ఇంకా రోజులు మిగిలి ఉండేలా టికెట్ మొదట్లోనే చూసుకుని కొనండి.