చలికాలమంతా బడి ఆవరణలో నీడ కొలవడం ఎలా?

మార్గశిరానికి మాటాడ పొద్దుండదు, పుష్యానికి పూస గుచ్చ పొద్దుండదు అంటారు పెద్దలు. పిల్లలు ఈ మాట వింటారు, పరీక్షలో ‘చలికాలంలో పగలు తక్కువ’ అనీ రాస్తారు. కళ్ళారా చూసి, చేత్తో కొలిచి తెలుసుకున్నవాళ్ళు మాత్రం తక్కువ. అందుకు కావలసినవన్నీ బడిలోనే దొరుకుతాయి: ఒక కర్ర, ఒక టేపు, కాసిని పాత పేపర్లు, వారానికి అరగంట. నవంబరు మొదటి వారంలో మొదలుపెట్టి ఫిబ్రవరి చివరిదాకా వారానికోసారి మధ్యాహ్నపు నీడ కొలిస్తే ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ పాఠం తయారవుతుంది. ఒకరిద్దరు టీచర్లే ఐదు తరగతులూ చూసుకునే ఊరిబడికి ఇది మరీ అనుకూలం. అందరూ ఒకే పనిలో ఉంటారు, ఎవరి స్థాయికి తగిన పని వాళ్ళకుంటుంది.

కింద ఇచ్చిన కొలతలూ సమయాలూ నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల బళ్ళ కోసం లెక్కవేసినవి.

చోటు చూసుకోవడం

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. నవంబరు మొదట్లో నిండుగా ఎండ ఉన్న చోటు చూసి కర్ర పాతుతారు. డిసెంబరు మూడో వారానికి అక్కడికి బడి గోడ నీడో వేపచెట్టు నీడో వచ్చి పడుతుంది. అన్నిటికంటే ముఖ్యమైన రోజుల్లో కొలత ఆగిపోతుంది. చలికాలంలో పొద్దు దక్షిణం వైపుకి ఒరిగి నడుస్తుంది కాబట్టి, కర్రకు దక్షిణాన ఏముందన్నదే చూడాలి. దానికి సులువైన లెక్క ఒకటుంది: దక్షిణాన ఉన్న గోడ గానీ చెట్టు గానీ ఎంత ఎత్తుంటే, కనీసం అంత దూరంలో కర్ర ఉండాలి. నాలుగు మీటర్ల స్లాబు గదికి ఉత్తరాన నాలుగు మీటర్లు వదిలితే చాలు. డిసెంబరు 22న కూడా మిట్టమధ్యాహ్నం ఆ గది నీడ మూడుంబావు మీటర్లు దాటదు.

నేల చదునుగా ఉండాలి. వాలు ఉందో లేదో తెలియాలంటే అన్నం పళ్ళెంలో సగానికి నీళ్ళు పోసి నేల మీద పెట్టండి. ఒక అంచుకు నీళ్ళు ఎక్కితే రెండో వైపు నేల ఎత్తుగా ఉన్నట్టు. మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు ఉన్నా నీడ ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు తప్పు చూపిస్తుంది. సిమెంటు చేసిన చోటు దొరికితే సరే. లేకపోతే కర్రకు ఉత్తరం వైపు మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు మేర మట్టి పరిచి, తడిపి, దిమ్మిస కొట్టించండి.

కర్ర నిలబెట్టడం

సముద్రం వైపు ఊళ్ళలో సర్వి కర్ర, పడమటి ఊళ్ళలో వెదురు గానీ పాత ఇనప గొట్టం గానీ సులువుగా దొరుకుతాయి. బొటనవేలంత లావు, నిటారుగా ఉన్నది చూడండి. నేలకు పైన కచ్చితంగా ఒక మీటరు ఉండాలి. మీటరే ఎందుకంటే, నీడ 78 సెంటీమీటర్లు వస్తే ఎత్తులో నూటికి 78 వంతులని ఐదో తరగతి పిల్లలు వెంటనే చెప్పగలరు.

పై కొనను పెన్సిలులా చెక్కకండి. సూర్యబింబం చుక్క కాదు, పళ్ళెం. అందువల్ల ఏ నీడ అంచైనా కాస్త అలుక్కుపోయినట్టు ఉంటుంది. మీటరు ఎత్తు కర్రకు ఆ మసక సెంటీమీటరున్నర దాకా వస్తుంది. కొన సూదిగా ఉంటే నీడ చివర ఆ మసకలో కలిసిపోతుంది. రంపంతో అడ్డంగా కోసిన కొన అయితే నీడ తల స్పష్టంగా తెలుస్తుంది.

నేలలో పాతాలంటే 1 మీటరు 30 సెంటీమీటర్ల కర్ర తీసుకుని, 30 సెంటీమీటర్లు గుంటలో దించి ఇటుక ముక్కలు కూరాలి. కానీ మన జిల్లాల్లో పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే. నేల నాని కర్ర ఒరుగుతుంది. కర్ర తల ఉత్తరానికి మూడు సెంటీమీటర్లు ఒరిగితే నీడ కూడా ఇంచుమించు మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది. అంటే దాదాపు ఒక వారం పెరుగుదలంత తప్పు! అందుకని పాత పెయింటు డబ్బాలో కంకర, సిమెంటు పోసి కర్ర నిలబెట్టడం మేలు. వాన వస్తే లోపల పెట్టుకోవచ్చు, తుపాను సెలవుల్లో ఎవరూ పీకరు. డబ్బా పెట్టే చోట నేల మీద రంగుతో గుండ్రంగా గీత గీయండి. మీటరు ఎత్తును మాత్రం డబ్బా అంచు నుంచి కాకుండా నేల నుంచి లెక్కపెట్టాలి.

కొలిచే ముందు ప్రతిసారీ నిటారుగా ఉందో లేదో చూడాలి. దారానికి చిన్న రాయి కట్టి, కర్ర పక్కన వేలాడదీసి, దక్షిణం నుంచి ఒకసారి, తూర్పు నుంచి ఒకసారి చూడమనండి. దారం, కర్ర రెండు వైపుల నుంచీ సమంగా కనిపించాలి. ఈ పని మూడో తరగతి పిల్లలకు అప్పగిస్తే మేస్త్రీల కంటే శ్రద్ధగా చేస్తారు.

ఏ వేళకు కొలవాలి?

గడియారంలో పన్నెండు కొట్టగానే కొలవడం మామూలుగా జరిగే పొరపాటు. మన ప్రాంతంలో పొద్దు నడినెత్తి గీత దాటే సమయం చలికాలమంతా జరుగుతూ ఉంటుంది. నవంబరు మొదటి వారంలో 11 గంటల 54 నిమిషాలకు, డిసెంబరు 22న 12 గంటల 8 నిమిషాలకు, సంక్రాంతి నాటికి 12 గంటల 19 నిమిషాలకు, ఫిబ్రవరి రెండో వారంలో 12 గంటల 24 నిమిషాలకు దాటుతుంది. మొదటికీ చివరికీ అరగంట తేడా.

ఈ సమయాలు టీచరు దగ్గర ఉంటే చాలు, పిల్లలకు ముందుగా చెప్పొద్దు. ఆ వేళకు పావుగంట ముందు మొదలుపెట్టి, ఐదేసి నిమిషాలకోసారి నీడ తల దగ్గర ఒక గులకరాయి పెట్టమనండి. ఆరేడు రాళ్ళు పెట్టాక, కర్ర మొదలుకు ఏది దగ్గరగా ఉందో చూస్తే అదే ఆ రోజు మధ్యాహ్నపు నీడ. కర్ర నుంచి ఆ రాయి వైపు గీసిన గీతే ఉత్తర దిక్కు. ‘ఉదయించే సూర్యుడికి ఎదురుగా నిలబడితే ఎడమచేయి వైపు ఉత్తరం’ అని వల్లెవేసిన పిల్లలు, ఆ గీత మీద నిలబడి తమ ఇల్లు ఏ దిక్కున ఉందో చూపిస్తారు.

మధ్యాహ్న భోజనం గంటతో ఈ వేళ కలుస్తుంది. వారంలో ఆ ఒక్కరోజు అందరూ వరసలో నిలబడకుండా, కొలిచే ఐదుగురు మాత్రం చివర్లో తినేలా చూసుకుంటే సరిపోతుంది. ఎవరూ పొద్దు వంక నేరుగా చూడకూడదని ప్రతివారం చెప్పండి. చూడవలసింది నేలను.

కొలత

ఇద్దరు విడివిడిగా కొలవాలి, ఒకరి అంకె ఒకరికి చెప్పకూడదు. ఇద్దరూ తమ పలకల మీద రాసి ఒకేసారి తిప్పి చూపిస్తారు. సెంటీమీటరు లోపు తేడా అయితే టీచరు ఒప్పుకోవచ్చు. అంతకు మించితే మళ్ళీ కొలవాలి. తేడా ఎక్కువగా ఎందుకొస్తుందో చూస్తే మూడు కారణాలు కనిపిస్తాయి. పిల్లలు టేపును సున్నా దగ్గర కాక ఒకటి దగ్గర ఆనిస్తారు. ప్లాస్టిక్ స్కేలులో సున్నాకు ముందు ఉండే ఖాళీ అంచును కూడా కలిపేస్తారు. ఒకరు కర్ర ముందు అంచు నుంచి, ఇంకొకరు మధ్య నుంచి కొలుస్తారు. కర్ర మధ్య నుంచి, నల్లని నీడ ముగిసే చోటుదాకా అని ఒక నియమం పెట్టుకుని, చలికాలమంతా దాన్నే పాటించండి. నియమం ఏదైనా ఫరవాలేదు, మధ్యలో మార్చకూడదు.

గోడ మీద చలికాలం

పాత పేపర్లను నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీలుగా కోసి, అతికించి, మీటరు పొడవు చేసి ముందే పెట్టుకోండి. కొలత తేలగానే ఒక పట్టీని నీడ పక్కన పరిచి, నీడ ఎంతుందో అంతకు కత్తిరించాలి. దాని మీద తేదీ, కొలత రాసి వరసగా నిలువుగా అంటించాలి. పట్టీల కింది అంచులన్నీ ఒకే గీత మీద ఉండాలి. కొలతే కాగితమైంది కాబట్టి అంకెలు రాని ఒకటో తరగతి పిల్లలు కూడా ఏ వారం నీడ పెద్దదో చెప్పగలుగుతారు. పటం గీయడం నేర్పకుండానే కమ్మీ పటం గోడ మీద ఉంటుంది.

నవంబరులో గోడలు చెమ్మగా ఉంటాయి. మైదా జిగురు బూజు పడుతుంది. గోడకు బదులు పాత దుప్పటి గుడ్డ మీద ఫెవికాల్‌తో అంటించి మేకుకు వేలాడదీయండి.

కొలవని వారం చోటు ఖాళీగా వదలాలి. మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన రెండు జిల్లాలూ తడిసి ముద్దయ్యాయి. అలాంటి వారాల్లో ఎండే ఉండదు. ‘సుమారుగా ఇంత ఉండొచ్చు’ అని పట్టీ కత్తిరించడానికి ఎవరికైనా చేయి వెళుతుంది. వద్దు. ఖాళీలో ‘మబ్బు’ అనో ‘తుపాను, సెలవు’ అనో రాయించండి. చూసిందే రాయాలి, చూడనిది రాయకూడదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. నాట్లకో పొగాకు పనులకో అమ్మానాన్నలతో వెళ్ళి పది రోజులకు తిరిగొచ్చిన పిల్లలను ముందు ఈ గుడ్డ దగ్గరికే పంపండి. తాము లేనప్పుడు ఏం జరిగిందో వాళ్ళే చదువుకుంటారు.

డిసెంబరు చివరి రెండు వారాలు

నవంబరులో వారానికి నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున పెరిగిన నీడ, డిసెంబరు రెండో వారం తర్వాత నెమ్మదిస్తుంది. 15వ తేదీ పట్టీకీ 29వ తేదీ పట్టీకీ తేడా కంటికి ఆనదు. ‘నీడ ఆగిపోయింది టీచర్’ అంటారు పిల్లలు. ఇక్కడ తొందరపడి వివరణ ఇవ్వకండి. ‘వచ్చే వారం ఏమవుతుంది?’ అని మాత్రం అడిగి, ఒక్కొక్కరి జవాబూ వాళ్ళ పేరుతో రాసి పెట్టండి. జనవరి మొదటి వారంలో కొత్త పట్టీ ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు కురచగా వచ్చినప్పుడు ఆ జవాబుల్ని తీసి చదవండి.

సంక్రాంతితో ఉత్తరాయణం మొదలవుతుందని ఇంట్లో విన్న పిల్లలు, నీడ అంతకు మూడు వారాల ముందే ఎలా తిరిగిందని అడుగుతారు. పంచాంగం సూర్యుడి నడకను నక్షత్రాల రాశులతో లెక్కిస్తుంది. పొద్దు ఉత్తరానికి మళ్ళేది మాత్రం డిసెంబరు 21 లేదా 22న. భూమి ఇరుసు చాలా నెమ్మదిగా తిరుగుతూ ఉండడం వల్ల వందల ఏళ్ళలో ఈ రెంటికీ ఎడం పెరిగింది. ఐదో తరగతికి ఇంత చెబితే చాలు. పండుగను తప్పు పట్టాల్సిన పని లేదు.

చలికాలంలో సూర్యుడు దూరంగా పోతాడు, అందుకే చలి అని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలోనే. చలికి కారణం ఎండ ఏటవాలుగా పడడం, పగలు తగ్గడం. గది తలుపులు మూసి, పలక మీద ఒక జానెడు ఎత్తు నుంచి టార్చి నిటారుగా వేసి వెలుగు అంచు వెంట బలపంతో గీయండి. అంతే దూరం నుంచి టార్చిని వాల్చి మళ్ళీ గీయండి. గుండ్రం సాగి కోడిగుడ్డు ఆకారమవుతుంది, వెలుగు పలచబడుతుంది. అంతే వెలుగు ఎక్కువ చోటుకు పంచుకున్నట్టు అయిందని పిల్లలే అంటారు.

ఎవరికి ఏ పని?

ఒకటి, రెండు తరగతులకు పట్టీలు పోల్చడం, నీడను జానలతో, బెత్తెలతో కొలవడం. మూడో తరగతికి సెంటీమీటర్లు, పోయిన వారానికీ ఈ వారానికీ తేడా. నాలుగో తరగతి వారానికి మూడు వాక్యాల నీడ డైరీ రాయాలి: ఏం చూశాం, ఎంత వచ్చింది, ఆకాశం ఎలా ఉంది.

ఐదో తరగతికి జెండా కర్ర ఎత్తు కనుక్కునే పని ఇవ్వండి. గణతంత్ర దినోత్సవం వారం అందుకు బాగుంటుంది. కర్ర నీడ, జెండా కర్ర నీడ ఒకే వేళకు కొలవాలి. నెల్లూరులో అప్పుడు మీటరు కర్రకు 66 సెంటీమీటర్ల దాకా నీడ వస్తుంది. జెండా కర్ర నీడ 396 సెంటీమీటర్లు వచ్చిందనుకుంటే, 396ను 66తో భాగిస్తే 6 మీటర్లు. జెండా దిమ్మె మెట్ల మీదుగా టేపు వంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. దిమ్మె పక్కగా, నేల మీద, కర్ర నడిమికి సరిగ్గా ఎదురు నుంచి కొలవాలి.

సరిచూసుకోవడానికి

మీటరు కర్రకు నెల్లూరులో నవంబరు 1న 55, 15న 64, డిసెంబరు 1న 73, 22న 78, జనవరి 20న 69, ఫిబ్రవరి 1న 62, 15న 51 సెంటీమీటర్ల చుట్టుపక్కల రావాలి. ఒంగోలులో వీటికి రెండు మూడు సెంటీమీటర్లు కలపండి. మూడు సెంటీమీటర్లు మించి తేడా వస్తే ముందు కర్ర ఒరిగిందేమో, తర్వాత నేల వాలు, ఆ తర్వాత కొలిచిన వేళ చూడండి. ఈ అంకెలు పిల్లల కంటపడితే వాళ్ళ టేపు కూడా ఇవే చూపిస్తుంది, కాబట్టి మీ నోటు పుస్తకంలోనే ఉంచుకోండి.

నెల్లూరు వైపు ఒక బడి, ఒంగోలు వైపు ఒక బడి డిసెంబరు 22న ఫోనులో అంకెలు చెప్పుకుంటే ఇంకా బాగుంటుంది. ఒకే రోజు, ఒకే పొడవు కర్ర, అక్కడ 78, ఇక్కడ 81. రెండు ఊళ్ళకూ మధ్య 120 కిలోమీటర్లు అటూ ఇటూ. నేల బల్లపరుపుగా ఉంటే పొద్దు రెండు చోట్లా ఒకే నీడ వేయాలి కదా అని అడిగి చూడండి.

ఫిబ్రవరి చివరికి నెల్లూరులో నీడ 41 సెంటీమీటర్లకు దిగుతుంది. అక్కడితో గుడ్డ నిండిపోతుంది, కానీ నీడ తగ్గడం ఆగదు. నెల్లూరులో ఏప్రిల్ 28, 29 తేదీల్లో, ఒంగోలులో మే 2, 3 తేదీల్లో, మధ్యాహ్నం పన్నెండు దాటిన ఏడెనిమిది నిమిషాలకు నిటారు కర్రకు నీడే ఉండదు. అప్పటికి బడికి సెలవులు. వాకిట్లో చదునైన చోట ఒక చెంబు బోర్లించి, ఆ వేళకు దాని చుట్టూ ఏ వైపుకైనా నీడ సాగిందేమో చూసి, తేదీతో సహా రాసుకురమ్మని పిల్లలకు ముందే చెప్పి పంపండి.