మీ కంప్యూటర్‌లో ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో తెలుసుకోవడం ఎలా?

2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే హానికర ప్రోగ్రామ్ దేశదేశాల కంప్యూటర్లను స్తంభింపజేసినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ యంత్రాలు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది పాకింది 445వ పోర్టు గుండా. పోర్టు అంటే నెట్‌వర్క్ నుంచి కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌ను చేరే, అంకె ఉన్న తలుపు. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే దారి అదే. ఆ దారిలోని లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్ ఆ మార్చిలోనే వచ్చినా, చాలామంది వేసుకోలేదు. తమ యంత్రంలో ఏ తలుపు తెరిచి ఉందో చూసుకోవడం ప్రతి ఒక్కరికీ తెలియాలని నా గట్టి కోరిక. దానికి అయిదు నిమిషాలు చాలు.

ముందుగా స్టార్ట్ మెనూలో సీఎండీ అని వెతికి, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఇక్కడ తెలుగులో రాసిన ఆదేశాలను ఆంగ్ల అక్షరాలతో టైపు చేయాలి.

నెట్‌స్టాట్ -ఏఎన్ఓ

ఇందులో ‘ఏ’ అన్ని కనెక్షన్లనూ చూపమంటుంది, ‘ఎన్’ పేర్లకు బదులు అంకెలు ఇమ్మంటుంది, ‘ఓ’ ఆ పోర్టును పట్టుకున్న ప్రోగ్రామ్ సంఖ్యను, అంటే పీఐడీని జోడిస్తుంది.

బారెడు జాబితా వస్తుంది, కంగారు పడకండి. ఎస్టాబ్లిష్డ్ అంటే ప్రస్తుతం సాగుతున్న కనెక్షన్. టైమ్ వెయిట్ అంటే ఇప్పుడే ముగిసినది, దాన్ని వదిలేయవచ్చు. మనం వెతకాల్సింది లిజనింగ్ అని ఉన్న వరుసలను. ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూస్తున్న పోర్టులు అవే.

ఆ వరుసల్లో లోకల్ అడ్రస్‌ను నిదానంగా చదవండి. అసలు విషయమంతా అక్కడే ఉంది. 127.0.0.1:3306 అని ఉంటే, సాధారణంగా అది మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. మీ కంప్యూటర్‌లోని ప్రోగ్రాములకు తప్ప ఇంకెవరికీ అందదు. అదే 0.0.0.0:3306 అని ఉంటే, ఫైర్‌వాల్, అంటే బయటి కనెక్షన్లను వడపోసే కాపలా, అడ్డుకోనంత వరకు మీ హాస్టల్ వైఫైలోని వారెవరైనా ఆ తలుపు తట్టవచ్చు. పోర్టు అదే, ప్రమాదం మాత్రం వేరు.

తెలియని పోర్టు కనిపిస్తే దాని పీఐడీని టాస్క్ మేనేజర్‌లోని డీటెయిల్స్ విభాగంలో వెతకండి. పీఐడీ 4 అంటే విండోస్ సిస్టమ్. 445 దాని పేరునే కనిపిస్తుంది. పేరు కొత్తగా ఉందని ఏ ప్రోగ్రామ్‌నూ వెంటనే ఆపేయకండి, ముందు అది ఏ ఫోల్డర్ నుంచి నడుస్తోందో చూడండి.

లినక్స్‌లో అయితే సుడో ఎస్ఎస్ -టీయూఎల్‌పీఎన్ సరిపోతుంది. సుడో అంటే అడ్మినిస్ట్రేటర్ హక్కుతో నడపమనడం, అది లేకపోతే ఇతర యూజర్ల ప్రోగ్రాముల పేర్లు కనిపించవు.

నెట్‌స్టాట్ చెప్పేది లోపలి సంగతి. ఫైర్‌వాల్ ఏం చేస్తోందో దానికి తెలియదు. అందుకే అదే నెట్‌వర్క్‌లోని మరో విండోస్ కంప్యూటర్‌లో పవర్‌షెల్ తెరిచి ఇలా అడగండి. ఐపీ చిరునామా మాత్రం మీది వేయాలి:

టెస్ట్-నెట్‌కనెక్షన్ 192.168.1.10 -పోర్ట్ 3306

చివరి వరుసలో ట్రూ అని వస్తే దారి నిజంగానే తెరిచి ఉంది. మైఎస్‌క్యూఎల్ సెట్టింగుల ఫైలులో బైండ్-అడ్రస్ విలువను 127.0.0.1గా మార్చి, సర్వీసును మళ్లీ ప్రారంభించి, ఇదే పరీక్ష ఇంకోసారి చేయండి. ఈసారి ఫాల్స్ రావాలి.