మేతకెళ్లే పాడి ఆవు ఎక్కువ ఈతలు నిలవాలంటే ఏం చేయాలి?

మేతకెళ్లే ఆవు 8, 10 ఈతలు నిలవగలదు. మూడో ఈతకో నాలుగో ఈతకో సంతకు తోలేస్తున్నారంటే చాలావరకు కారణాలు మూడే: పొదుగు చెడడం, చూడి నిలవకపోవడం, కుంటడం.

సులువైనవి ముందు చెప్పేస్తాను. మేతకు తోలే దారిలో కంకర ఏరేయండి. వెనక కర్ర పట్టుకుని తరమకండి, దాని నడకన వదిలితే కాలు ఎక్కడ మోపాలో అదే చూసుకుంటుంది. ఎండాకాలం తెల్లవారుజామున, సాయంత్రం మేపాలి. కోసిన జొన్నచేలో లేత పిలకలు మేయనివ్వొద్దు, వాటిలోని విషం (నాము) ఎక్కితే డాక్టరు వచ్చేలోపే పోతుంది. కుంట గట్టున మేపితే నత్తల వల్ల కార్జపు జలగ వ్యాధి (కాలేయంలో పురుగులు చేరడం) వస్తుంది. పాలిచ్చే ఆవుకు ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు.

ఇక ఎక్కువమంది చెడగొట్టే పని, పాలు ఎండగట్టడం. ఈనే ముందు పొదుగుకు 60 రోజుల విశ్రాంతి కావాలి. చూడి కట్టడానికి సూది వేయించిన తేదీ రాసిపెట్టుకుంటే, అక్కడి నుంచి 220వ రోజున పితకడం ఆపాలి. ఇంకో రెండు లీటర్లు వస్తున్నాయి కదా అని సాగదీస్తే వచ్చే ఈతలో అంతకన్నా ఎక్కువే పోగొట్టుకుంటారు.

పితకడం ఆపే రోజుకు వారం ముందే దాణా ఆపండి. పచ్చిక బయలుకు తోలకుండా వరిగడ్డి, ఎండు చొప్ప మీద ఉంచండి. పచ్చిమేత దొరికినంతకాలం పాలు తగ్గవు. నీళ్లు మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దు. రోజుకు 5 లీటర్ల లోపుకు దిగాక ఒక ఉదయం పూర్తిగా పితికి, అంతటితో ఆపేయాలి.

ఆ పూటే డాక్టరు రాసిన మందు ట్యూబు చన్నుకు ఒకటి ఎక్కించాలి. ఎండగట్టేటప్పుడు వేసేది వేరు, పాలిచ్చే ఆవుకు వేసేది వేరు. చన్ను కొసలను స్పిరిట్ దూదితో తుడిచేటప్పుడు అవతలివైపువి ముందు, మందు ఎక్కించేటప్పుడు ఇవతలివైపువి ముందు. అప్పుడే తుడిచిన చన్నుకు మన చెయ్యి తగలదు. ట్యూబు మొన 3 మిల్లీమీటర్లు దూరితే చాలు, లోతుకు గుచ్చితే కొస చీరుకుపోతుంది. తర్వాత అయోడిన్ ద్రావణంలో ముంచి, అరగంట పడుకోనివ్వకండి.

రెండో రోజు, మూడో రోజు పొదుగు బిగుస్తుంది. పాపమని కాస్త పితుకుతారు. అదే తప్పు! లోపల ఒత్తిడి పెరిగితేనే పాలు ఊరడం ఆగుతుంది. చన్ను రంధ్రంలో మైనంలాంటి బిరడా కడుతుంది, పితికిన ప్రతిసారీ అది ఊడి క్రిములకు దారి తెరుచుకుంటుంది. రోజు విడిచి రోజు పితుకుతూ నెలపాటు లాగే పద్ధతిలో పొదుగువాపు ఎక్కువగా రావడానికి కారణం ఇదే.

మరి వాపు వచ్చిందో లేదో తెలిసేదెలా? రెండు వారాలు పొద్దునా సాయంత్రం చేతి వెనకవైపుతో పొదుగు నాలుగు భాగాలూ తాకి చూడండి. నాలుగూ ఒకేలా బిగిసి, ఆవు మేస్తూ ఉంటే వదిలేయండి, వారం పది రోజుల్లో జారిపోతుంది. ఒక్క భాగమే వేడెక్కి, ఎర్రబడి, ముట్టుకుంటే తన్నుతుంటే మాత్రం ఆ రోజే డాక్టరును పిలవండి. కొట్టంలో బురద ఉంటే ఈ జాగ్రత్తలన్నీ వృథా, పడుకునే చోట పొడి ఇసుక పోయాలి.

ఈనడానికి 3 వారాల ముందు నుంచి కాల్షియం సీసాలు తాగించకండి. బయటి నుంచి వస్తుంటే ఎముకల్లోని కాల్షియాన్ని తీసుకునే పని శరీరం మందగిస్తుంది, ఈనగానే రక్తంలో కాల్షియం పడిపోయి పాలజ్వరంతో కూలబడుతుంది. అప్పటిదాకా ఇచ్చే ఖనిజ మిశ్రమం కూడా డాక్టరును అడిగి మార్చండి. కాల్షియం ఈనిన రోజు నుంచి మొదలుపెట్టండి.